ప్రోగ్రామింగ్ కోర్సుకు ఫీజు కట్టే ముందు ఈ 8 పర్సనల్ వెబ్‌సైట్లు చదవండి

మన సైట్‌కి రెగ్యులర్‌గా వచ్చేవాళ్లకి తెలుసు, నేను రాసేదంతా ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించే. ఈసారి రివ్యూ కొంచెం వేరు. ప్రోగ్రామింగ్, వెబ్ డిజైన్ తెలిసినవాళ్లు తమ పేరు మీద సొంతంగా నడుపుకునే వెబ్‌సైట్లు కొన్నింటిని పరిచయం చేస్తాను. ఇవి కోచింగ్ సెంటర్లు కావు. సర్టిఫికెట్ ఇవ్వరు, ప్లేస్‌మెంట్ మాట ఎత్తరు. ఒక మనిషి పని చేస్తుంటే ఏదో ఇబ్బంది వచ్చింది, దాన్ని ఎలా దాటాడో కూర్చుని వివరంగా రాసి పెట్టాడు. అంతే.

"యూట్యూబ్‌లో వంద వీడియోలు ఉండగా ఇవెందుకు?" అని అడగొచ్చు. ఈ లిస్ట్ ఎలా తయారైందో చెప్తే మీకే అర్థమవుతుంది.

అసలు కథ: 80 వేల కోర్సు, రెండు కార్ల ట్రావెల్స్

మా చిన్నాయనది చిత్తూరు. రెండు కార్లు పెట్టుకుని ట్రావెల్స్ నడుపుతాడు. తిరుపతిలో దిగిన యాత్రికులను కాణిపాకం, శ్రీకాళహస్తి, వేలూరు దగ్గరి శ్రీపురం గోల్డెన్ టెంపుల్ తిప్పి తీసుకొస్తాడు. ఆయన కూతురు, అంటే నాకు చెల్లెలు, బీటెక్ అయిపోయి ఏడాది దాటింది. బెంగళూరులో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫుల్ స్టాక్ కోర్సుకు 80 వేలు అడిగారు, హాస్టల్ ఖర్చు వేరే. చిన్నాయన దగ్గర అంత డబ్బు లేదు. పిన్నమ్మ గాజులు బ్యాంకులో పెడదామని ఇంట్లో మాట నడుస్తోంది.

ఒక ఆదివారం నాకు ఫోన్ చేశాడు. "నాయనా, నువ్వు ఈ కంప్యూటర్ల లైన్లోనే ఉండావు కదా. కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అంటా ఉండారు. నిజమేనా?"

గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని నాకు తెలుసు. కానీ ఆ మాట ఫోన్లో చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఆ అమ్మాయికి ఇప్పటికే ఏం వచ్చో చూడాలి కదా. అడిగితే, వీడియోలు చూసి చిన్నాయన ట్రావెల్స్‌కి తనే ఒక వెబ్‌సైట్ చేశానని లింక్ పంపింది. నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే సూపర్‌గా ఉంది. పెద్ద పెద్ద ఫోటోలు, పక్కకు జరిగే బ్యానర్లు, గూగుల్ మ్యాప్, అన్నీ ఉన్నాయి.

నా అలవాటు ప్రకారం డ్రాయర్లోంచి 7 వేల రేంజ్ ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి తీశాను. 3 జీబీ ర్యామ్. దాన్ని జేబులో వేసుకుని సాయంత్రం తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర, విష్ణునివాసం ముందు నిలబడి అదే లింక్ తెరిచాను. ఎందుకంటే చిన్నాయన కస్టమర్ ఈ సైట్‌ను తెరిచేది అక్కడే. లగేజీ పక్కన పెట్టుకుని, పిల్లల్ని పట్టుకుని, ఒక చేత్తో.

తెల్ల స్క్రీన్. 20 సెకన్లు గడిచినా తెల్ల స్క్రీనే. ఆ తర్వాత పేజీ వచ్చింది గానీ, "బుక్ చేసుకోండి" బటన్‌లో సగం మాట బయటికి పొయ్యింది. వత్తులు కింది భాగం తెగిపోయాయి. అన్నిటికంటే ఘోరం, "కాణిపాకం చిత్తూరు టూర్" అని ఉండాల్సిన చోట "కాణిపాకం చిత..." అని ఉంది.

స్క్రీన్‌షాట్ చూసి చిన్నాయన అదిరిపోయాడు. "గుడికి పొయ్యేవాళ్లకు చిత చూపిస్తా ఉండావే తల్లీ! ఎవురన్నా కారెక్కుతారా?"

చెల్లెలు ఏడ్చినంత పని చేసింది. "కోర్సులో ఇవన్నీ చెప్తారు కదన్నా?" అని అడిగింది. నేను ఆ ఇన్‌స్టిట్యూట్ సిలబస్ మొత్తం చదివాను. ఈ మూడు సమస్యల్లో ఒక్కదాని గురించి కూడా ఒక్క లైన్ లేదు. అప్పుడు ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. రెండు నెలలు ఫీజు మాట పక్కన పెట్టాలి. ఒక్కో సమస్యకు దాని గురించి బాగా రాసినవాళ్ల సైట్ వెతికి, చదివి, సరిచేయాలి. ఆ తర్వాత కోర్సు కావాలంటే నేనే చిన్నాయనతో మాట్లాడతాను.

ఆ రెండు నెలల్లో మాకు నిజంగా పనికొచ్చినవి ఇవి.

1. డాన్ లూ: తక్కువ రేంజ్ ఫోన్ల తరపున మాట్లాడే సైట్

ఈ సైట్ తెరవగానే "ఇదేంటి, డిజైన్ లేదు?" అనుకుంటారు. నిజంగానే లేదు. తెల్ల పేజీ మీద నల్ల అక్షరాలు, ఈ చివర నుంచి ఆ చివర దాకా. కానీ ఎంత పాత ఫోన్‌లో అయినా టక్కున తెరుచుకుంటుంది. ఆయన చెప్పదలచుకున్నదీ అదే.

2024 మార్చిలో ఆయన రాసిన ఒక వ్యాసం మన పాఠకులు తప్పకుండా చదవాలి. వెబ్ పేజీల బరువు స్లో ఫోన్లు వాడేవాళ్లను ఎలా ఇబ్బంది పెడుతుందో కొలిచి చూపించాడు. కొలవడానికి ఖరీదైన యాపిల్ ల్యాప్‌టాప్‌ల పక్కన టెక్నో స్పార్క్ 8సీ, ఐటెల్ పీ32 పెట్టాడు. మన బజార్లో కనిపించే బ్రాండ్లే. పబ్‌జీ ఆడగలిగే ఫోన్‌లో కూడా కొన్ని మామూలు పేజీలు కదలడానికి మొరాయిస్తాయని అక్కడ తెలుస్తుంది. తప్పు ఫోన్‌ది కాదు, పేజీ చేసినవాళ్లది.

నేను ఇన్నేళ్లుగా "ఈ ఫోన్ బ్రౌజింగ్‌లో ల్యాగ్ అవుతోంది" అని రివ్యూల్లో రాశాను. ఇది చదివాక, అందులో సగం తప్పు ఫోన్ మీద వేశానేమో అనిపించింది.

బాగున్నది: కొలతలతో మాట్లాడతాడు, ఊరికే అభిప్రాయం చెప్పడు. 
లోటు: వ్యాసాలు చాలా పొడుగు. ఒక్క కూర్చోవడంలో అవ్వవు.

2. అలెక్స్ రసెల్: పేజీకి ఒక బడ్జెట్ ఉండాలని చెప్పినాయన

గూగుల్‌లో క్రోమ్ మీద, తర్వాత మైక్రోసాఫ్ట్‌లో ఎడ్జ్ మీద పనిచేసిన ఇంజనీర్. సైట్ పేరు ఇన్‌ఫ్రీక్వెంట్లీ నోటెడ్. 2017 అక్టోబర్‌లో ఒక లెక్క వేశాడు. సుమారు 200 డాలర్ల ఆండ్రాయిడ్ ఫోన్, స్లో 3జీ నెట్‌వర్క్. మొదటిసారి తెరిచినప్పుడు 5 సెకన్లలో పేజీ వాడకానికి రావాలి. అలా రావాలంటే ముందుగా దిగాల్సిన సరుకు అంతా కలిపి 130 నుంచి 170 కేబీ దాటకూడదు. ఆ తర్వాత ఏళ్లలో ఫోన్లు, నెట్‌వర్క్ మారే కొద్దీ ఆ లెక్కను మళ్లీ మళ్లీ వేస్తూ వచ్చాడు.

చెల్లెలి పేజీ ఎంత ఉందో తెలుసా? దాదాపు 9 ఎంబీ.

ఇక్కడ ఒక విషయం గుర్తు పెట్టుకోండి. 1 ఎంబీ ఫోటో, 1 ఎంబీ జావాస్క్రిప్ట్ ఒకటి కావు. ఫోటో దిగాక దాన్ని విప్పి చూపిస్తే ఫోన్ పని అయిపోయినట్టే. జావాస్క్రిప్ట్‌ను దించుకున్నాక ప్రాసెసర్ దాన్ని చదవాలి, అర్థం చేసుకోవాలి, నడపాలి. 7 వేల ఫోన్‌లో ప్రాసెసర్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. 5జీ సిమ్ వేసుకున్నా ఆ పని తగ్గదు.

మేం చేసింది: బ్యానర్ లైబ్రరీ తీసేశాం. మ్యాప్ బదులు "మ్యాప్‌లో చూడండి" అని ఒక లింక్ పెట్టాం. ఫోన్ కెమెరాతో తీసిన ఫోటోలను సైజు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చాం. రియాక్ట్ టెంప్లేట్ మొత్తం పక్కన పెట్టి మామూలు హెచ్‌టీఎంఎల్‌లో రాసింది. నాలుగు రూట్లు, రేట్లు, ఒక ఫోన్ నంబర్ ఉన్న పేజీకి అంత హంగు దేనికి?

బాగున్నది: ఫోన్ హార్డ్‌వేర్ తెలిసిన మన పాఠకులకు వెంటనే ఎక్కుతుంది. 
లోటు: భాష కాస్త గట్టిది, కోపం కూడా ఎక్కువే. కొత్తవాళ్లు 2017 వ్యాసంతో మొదలుపెట్టండి.

3. జాష్ కోమో: బొమ్మ జరిపి చూస్తే అర్థమయ్యే సీఎస్ఎస్

సీఎస్ఎస్ అంటే చాలామంది ట్రయల్ అండ్ ఎర్రర్‌లో నెట్టుకొస్తారు. ఈ లైన్ తీసి, ఆ లైన్ పెట్టి, ఎలాగోలా కుదిరిందా, హమ్మయ్య. మా చెల్లెలిదీ అదే పద్ధతి. ఈయన సైట్‌లో ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ మీద రెండు పెద్ద గైడ్లు ఉన్నాయి. వాటిలో పేజీలోనే స్లైడర్లు ఉంటాయి. మీరు జరుపుతుంటే పెట్టెలు ఎలా సాగుతున్నాయో, ఎలా కుదించుకుంటున్నాయో కళ్లముందే కనిపిస్తుంది.

మా బటన్ బయటికి పోవడానికి కారణం ఇక్కడే దొరికింది. ఫ్లెక్స్‌బాక్స్‌లో ఉన్న పెట్టె, చోటు తక్కువైనా, తనలోని పొడవాటి మాట కంటే చిన్నగా అవ్వదు. దానికి కనీస వెడల్పు సున్నా అని మనం చెప్పాలి. ఒక్క లైన్. దానికోసం ఆ అమ్మాయి మూడు రోజులు తిప్పలు పడిందట.

బాగున్నది: ఎలా చెయ్యాలో మాత్రమే చెప్పి వదలడు, బ్రౌజర్ అలా ఎందుకు చేస్తుందో చెప్తాడు. 
లోటు: స్లైడర్లు ఫోన్‌లో ఇరుగ్గా ఉంటాయి, ల్యాప్‌టాప్‌లో చదవండి. ఆయన పెయిడ్ కోర్సులు కూడా అమ్ముతాడు. వ్యాసాలు మాత్రం ఫ్రీ.

4. అహ్మద్ షదీద్: జరగబోయే తప్పును ముందే పట్టుకునేవాడు

పాలస్తీనాకు చెందిన డిజైనర్. ఈయన చెప్పే "డిఫెన్సివ్ సీఎస్ఎస్" అనే ఆలోచన తెలుగులో సైట్లు చేసేవాళ్లకు బంగారం లాంటిది. డిజైన్ చేసేటప్పుడు అన్నీ సరిగ్గా సరిపోయే శాంపిల్ మాటలు పెట్టుకుంటాం. నిజంగా వాడేటప్పుడు పేరు పొడుగ్గా ఉంటుంది, ఫోటో రాదు, ఒక బటన్‌లో మాట రెండు లైన్లకు పోతుంది. ఇవన్నీ జరుగుతాయని ముందే అనుకుని రాయండి అంటాడు. అరబిక్ లాంటి కుడి నుంచి ఎడమకు రాసే భాషలకు డిజైన్ చేయడం మీద కూడా విస్తారంగా రాశాడు. ఇంగ్లీషు ఒక్కటే భాష అనుకోని మనిషి అన్నమాట.

మన భాష సంగతి చూడండి. ఇంగ్లీషులో 'బుక్' అంటే 4 అక్షరాల బటన్. తెలుగులో "బుక్ చేసుకోండి" అని రాయాలి. మాట పొడుగు, పైగా పైన గుడి, కింద వత్తు. ఇంగ్లీషుకు సరిపోయే లైన్ ఎత్తు మనకు చాలదు. మేం లైన్ ఎత్తు పెంచాం, బటన్‌కు ఫిక్స్‌డ్ వెడల్పు, ఫిక్స్‌డ్ ఎత్తు తీసేశాం. వత్తులు బతికిపోయాయి.

బాగున్నది: ప్రతి పాయింట్‌కు ముందు, తర్వాత బొమ్మలు ఉంటాయి. ఇంగ్లీషు అంతంత మాత్రం వచ్చినా అర్థమవుతుంది. 
లోటు: బేసిక్ సీఎస్ఎస్ రాకుండా ఇక్కడికి రావద్దు.

5. మనీష్ గోరెగావ్‌కర్: ఐఫోన్‌ను పడగొట్టిన తెలుగు అక్షరం

2018 ఫిబ్రవరి గుర్తుందా? ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ క్రాష్ అయ్యేది. ప్రపంచమంతా "తెలుగు బగ్" అని రాశారు. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో ఫిబ్రవరి 19న యాపిల్ దాన్ని సరిచేసింది. గ్యాడ్జెట్ సైట్లన్నీ అప్‌డేట్ చేసుకోండి అని రాసి ఊరుకున్నాయి.

మనీష్ ఊరుకోలేదు. యూనికోడ్, రస్ట్ మీద పనిచేసే ఈ ప్రోగ్రామర్ తన సైట్‌లో ఆ అక్షరాన్ని ముక్కలు ముక్కలుగా విప్పాడు. అది మామూలు 'జ్ఞా' కాదు. జ, పొల్లు, ఞ తర్వాత, దీర్ఘానికి ముందు, కంటికి కనపడని ఒక క్యారెక్టర్ దూరింది. హల్లు, పొల్లు, హల్లు, ఆ కనపడని క్యారెక్టర్, గుణింతం అనే వరుస ఉంటే మరికొన్ని తెలుగు అక్షరాలతో, బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా క్రాష్ అవుతుందని పరీక్షించి చూపించాడు. అంటే తప్పు మన అక్షరానిది కాదు. ఒత్తులు ఉన్న లిపులను సరిగ్గా పట్టించుకోని కోడ్‌ది.

మా "చిత" గొడవకు జవాబు కూడా ఈయన దగ్గరే దొరికింది. 2017లో రాసిన ఒక వ్యాసంలో ఆయన చెప్పేది ఇది: కంప్యూటర్ లెక్కపెట్టే కోడ్ పాయింట్, మనిషి చదివే అక్షరం ఒకటి కాదు.

"చిత్తూరు" తీసుకోండి. మన కంటికి 3 అక్షరాలు. చి, త్తూ, రు. కంప్యూటర్‌కు 8. చ, గుడి, త, పొల్లు, త, కొమ్ము దీర్ఘం, ర, కొమ్ము. చెల్లెలు వాడిన టెంప్లేట్‌లో హెడ్డింగ్ 12 దాటితే కోసేసి చుక్కలు పెట్టమని ఉంది. "కాణిపాకం"కు 8, ఖాళీకి 1, తర్వాత చ, గుడి, త. మొత్తం 12. అక్కడ కత్తెర పడింది. చిత్తూరు కాస్తా చిత అయింది. ఇంగ్లీషులో అదే చోట కోస్తే సగం మాట మిగులుతుంది, అంతే. తెలుగులో కోస్తే అర్థమే మారిపోతుంది.

జావాస్క్రిప్ట్‌తో కొయ్యడం మానేశాం. చోటు చాలకపోతే రెండో లైన్‌కు పోనిచ్చాం. తప్పనిసరిగా అక్షరాలు లెక్కపెట్టాల్సి వస్తే అందుకు జావాస్క్రిప్ట్‌లోనే సెగ్మెంటర్ అనే సౌకర్యం ఉంది. కాకపోతే పాత బ్రౌజర్లు ఒత్తు అక్షరాన్ని రెండుగా చీల్చే అవకాశం ఉంది, చూసుకుని వాడండి.

బాగున్నది: మన లిపి గురించి ఇంత శ్రద్ధగా రాసిన ప్రోగ్రామర్ సైట్లు అరుదు. 
లోటు: రస్ట్ మీద రాసినవి కొత్తవాళ్లకు కష్టం. పైన చెప్పినవి మాత్రం చదవగలరు.

6. రిచర్డ్ ఇషిడా: తెలుగు లిపికి ఒక రిఫరెన్స్

వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీలో ప్రపంచ భాషల విభాగం కోసం ఏళ్ల తరబడి పనిచేసిన వ్యక్తి. ఆయన సొంత సైట్‌లో ఎన్నో లిపుల మీద నోట్స్ ఉన్నాయి. తెలుగుకు కూడా ఒక పెద్ద పేజీ ఉంది. గుణింతాలు, వత్తులు, లైన్ ఎక్కడ విరగాలి, అన్నీ ఒకచోట. మీరు ఏదైనా మాట పేస్ట్ చేస్తే అందులో ఏ ఏ కోడ్ పాయింట్లు ఉన్నాయో విప్పి చూపించే టూల్స్ కూడా ఉన్నాయి. "చిత్తూరు"ను అందులో వేసి చూస్తే పైన నేను చెప్పిన 8 మీకే కనపడతాయి.

ఇది కూర్చుని చదివే సైట్ కాదు. నిఘంటువులా అవసరానికి తెరిచేది. ఆ టూల్స్ పేజీని మాత్రం బుక్‌మార్క్ చేసి పెట్టుకోండి.

7. జూలియా ఇవాన్స్: "నాకు ఇది తెలియదు" అని మొదలుపెట్టే ఆవిడ

నన్నడిగితే, ఈ లిస్ట్‌లో ఒకే ఒక్క సైట్ చదవగలను అనేవాళ్లు ఇదే చదవండి. కెనడాలోని మాంట్రియల్‌లో ఉండే ప్రోగ్రామర్. నెట్‌వర్కింగ్, లైనక్స్, గిట్, డీబగ్గింగ్ లాంటి విషయాలను చేత్తో గీసిన బొమ్మలతో చిన్న చిన్న పుస్తకాలుగా కూడా వేస్తుంది.

మాకు పనికొచ్చింది డీఎన్ఎస్ గురించి. కొత్త పేజీని వేరే హోస్టింగ్‌కు మార్చాం. నా ఫోన్‌లో కొత్తది వస్తోంది. చిన్నాయన ఫోన్‌లో ఇంకా పాత "చిత" పేజీయే. "నువ్వు మార్చలా, అబద్ధం చెప్తా ఉండావు" అని ఆయన. డీఎన్ఎస్ మార్పు ప్రపంచమంతా మెల్లగా పాకుతుందని చాలాచోట్ల చెప్తారు. ఏదీ పాకదు, పాత జవాబును దాచుకున్నవాళ్ల దగ్గర దాని గడువు తీరాలి, అంతే అని ఈవిడ ఒక వ్యాసంలో తేల్చి చెప్పింది. గడువు ఎంతో చూసి, "సాయంత్రానికి వస్తుంది చిన్నాయనా" అన్నాను. వచ్చింది. నా పరువు నిలబడింది. డీఎన్ఎస్‌తో భయం లేకుండా ప్రయోగాలు చేసుకోవడానికి ఆవిడే ఒక సైట్ కూడా కట్టింది. అందులో ఏది చెడగొట్టినా మన అసలు సైట్‌కు ఏమీ కాదు.

అయితే చెల్లెలికి నిజంగా పనిచేసింది డీఎన్ఎస్ పాఠం కాదు. ఇంత అనుభవం ఉన్నావిడ చాలా వ్యాసాల్లో "నాకు ఇది అర్థం కాలేదు, అందుకే ఇలా చేసి చూశాను" అని రాస్తుంది. ఇదే దారిలో, రియాక్ట్ టీమ్‌లో పనిచేసిన డాన్ అబ్రమోవ్ 2018 డిసెంబర్‌లో తనకు తెలియని విషయాల లిస్ట్ ఒకటి తన సైట్‌లో పెట్టాడు. అది కూడా చదివించాను. "వీళ్లకే రానివి ఉంటే నాకు రాకపోతే తప్పేముందన్నా" అంది. కోర్సు వాళ్లు అమ్మేది సగం ఈ భయాన్నే. 'నీకేమీ రాదు, మా దగ్గరికి రా' అని.

8. వీవెన్: తెలుగులో, తెలుగు కోసం

చివరిది మన భాషది. ఇప్పుడు ఫోన్‌లో తెలుగు టైప్ చేయడం నీళ్లు తాగినంత సులువు. 2006లో అలా లేదు. తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో ఫాంట్ దించుకోమనేవి. ఆ రోజుల్లో వీవెన్ అనే పేరుతో రాసే ప్రోగ్రామర్ 'లేఖిని' అనే పేజీ కట్టాడు. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. తెలుగులో రాసేవాళ్ల కొత్త రచనలన్నీ ఒకచోట చూపించే 'కూడలి' కూడా పెట్టాడు. ఈ రోజు యూనికోడ్ తెలుగులో రాస్తున్న నాలాంటివాళ్లలో ఎంతమంది లేఖినితో మొదలుపెట్టారో లెక్కలేదు. నేను కూడా ఆ బాపతే.

ఆయన టెక్నాలజీ రాతలు 'వీవెనుడి టెక్కునిక్కులు' పేరుతో ఉన్నాయి. పాతవి చాలా ఉంటాయి, కొన్ని చిట్కాలకు కాలం చెల్లింది. అయినా చదవమనడానికి కారణం ఒకటుంది. ఒక మనిషి తనకు అవసరమైన పనిముట్టును తానే చేసుకుని, అది అందరికీ వదిలేస్తే ఏం జరుగుతుందో తెలుగులో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

ఎలా చదవాలి? మా అనుభవం

ముందు ఒక పని పెట్టుకోండి. ఊరికే చదివితే నిలవదు. మీ ఇంటి దుకాణానికో, మామిడి తోటకో, పిల్లల ట్యూషన్‌కో ఒక పేజీ కట్టండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడ ఈ సైట్లు తెరవండి. ఉదాహరణలను కాపీ చేయొద్దు, చేత్తో కొట్టండి.

వ్యాసం తేదీ తప్పకుండా చూడండి. వెబ్ డిజైన్‌లో ఐదేళ్ల కిందటి చిట్కా ఇప్పుడు అక్కర్లేకపోవచ్చు. కారణాలు చెప్పే వ్యాసాలు మాత్రం త్వరగా పాతబడవు.

ఇంగ్లీషు భయం ఉంటే క్రోమ్ ట్రాన్స్‌లేట్ మీద మాత్రం ఆధారపడొద్దు. టెక్నికల్ మాటలను అది చిత్రంగా మారుస్తుంది. మెల్లగా ఇంగ్లీషులోనే చదవండి. అర్థం కాని పేరా ఒక్కదాన్ని ఏఐని అడిగి వివరించుకోండి.

ఏఐ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. "చాట్‌జీపీటీని అడిగితే కోడ్ మొత్తం ఇచ్చేస్తుంది కదా, ఈ చదువు దేనికి?" అని మా చెల్లెలే అడిగింది. నిజమే, ఇస్తుంది. కానీ విష్ణునివాసం ముందు నిలబడి చూస్తే తప్ప, ఏం అడగాలో మనకే తెలియలేదు. ప్రశ్న తెలిశాక జవాబు ఎక్కడైనా దొరుకుతుంది. ఈ సైట్లు మనకు నేర్పేది ప్రశ్న పట్టుకోవడం.

చివరగా, మీ పేజీని మీ ఫోన్‌లో కాదు, ఇంట్లో అందరికంటే పాత ఫోన్‌లో తెరిచి చూడండి. మన శ్రీసిటీలోనే 2015లో రెడ్‌మీ 2 ప్రైమ్ లాంటి బడ్జెట్ ఫోన్లు తయారవడం మొదలైంది. అలాంటి ఫోన్లే మన కస్టమర్ల చేతుల్లో ఉన్నాయి. అందులో తెరుచుకోని సైట్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఫైనల్‌గా ఏమైంది?

9 ఎంబీ పేజీ ఇప్పుడు 240 కేబీ. అదే ఫోన్, అదే చోటు, 3 సెకన్లలోపు తెరుచుకుంది. చిన్నాయనకు ఆ సైట్ చూసి ఫోన్ చేసేవాళ్లు వస్తున్నారు. మరీ ఎక్కువ మంది కాదు, వారానికి ముగ్గురో నలుగురో. కార్లు రెండే కాబట్టి అది చాలంటాడు.

ఉద్యోగం వచ్చిందా అంటే, ఇంకా రాలేదు. ఈ సైట్లు చదివితే ఉద్యోగం వస్తుందని నేను చెప్పడం లేదు. ఒక ఇంటర్వ్యూకి వెళ్లింది. "నువ్వు చేసిన పని ఏదైనా చూపించు" అన్నారట. ఈ పేజీ చూపించి, ఎందుకు 9 ఎంబీ ఉండింది, ఎలా తగ్గించిందో అరగంట చెప్పింది. రెండో రౌండ్‌కు పిలిచారు. ఫలితం ఇంకా తెలియదు.

కోర్సు చేరాలా వద్దా అన్నది తననే తేల్చుకోమన్నాను. కోర్సులన్నీ దండగ అని కాదు. క్రమం తప్పకుండా కూర్చోబెట్టేవాళ్లు ఉంటేనే చదవగలిగేవాళ్లకు అది అవసరమే. ఈ సైట్లలో ఆ క్రమం ఉండదు, అడిగేవాళ్లు ఉండరు. కాకపోతే ఫీజు కట్టే ముందు, ఏం నేర్చుకోవడానికి కడుతున్నామో తెలిసి కట్టాలి. ప్రస్తుతానికి ఆ అమ్మాయి వద్దనుకుంది. పిన్నమ్మ గాజులు చేతికే ఉన్నాయి.

ఇంకో మాట. పోయిన నెల తను కూడా ఒక సొంత సైట్ పెట్టింది. గిట్‌హబ్ పేజెస్‌లో, పైసా ఖర్చు లేకుండా. అందులో ఇప్పటికి ఒకటే వ్యాసం ఉంది, తెలుగులో. చిత్తూరు చిత ఎలా అయిందో, దాన్ని మళ్లీ చిత్తూరు ఎలా చేసిందో రాసింది. అక్కడక్కడా అచ్చుతప్పులు ఉన్నాయి. డిజైన్ కూడా డాన్ లూ సైట్ లాగే, అంటే లేదు. కానీ అదే సమస్యతో రేపు ఎవరైనా తెలుగులో వెతికితే, చదువుకోవడానికి ఒక పేజీ ఉంటుంది. మొన్నటిదాకా మాకు అది కూడా దొరకలేదు.

మీకు తెలిసిన ఇలాంటి సైట్లు, ముఖ్యంగా తెలుగులో రాసేవి ఉంటే నాకు పంపండి. తర్వాతి లిస్ట్‌లో వేస్తాను. పంపే ముందు ఒకసారి 7 వేల ఫోన్‌లో తెరిచి చూడండి. నేను చూసేది మాత్రం అందులోనే.